కళ్ళంలోంచి వచ్చిన అయ్యగారు

మా చర్చి అయ్యగారి జ్ఞాపకార్థ కూడికలో నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు చేతికిచ్చి తప్పు చేశారు. ఆయన ఆరడుగుల మనిషి అన్నాను. గొంతెత్తితే మందిరం రేకులు అదిరేవన్నాను. అద్దంకి నుంచి చీరాల దాకా ఆయన కనిపిస్తే లేచి నిలబడని మనిషి లేడన్నాను. ముందు వరసలో కూర్చున్న అమ్మగారు, అంటే ఆయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారు కాబోలని ఇంకాస్త పెంచాను.

భోజనాల దగ్గర నన్ను పక్కకి పిలిచారు. "కండక్టరు గారూ, మీరు చెప్పినాయన ఎవరండీ? అంత పెద్దమనిషిని నేనెప్పుడూ చూళ్ళేదే. చూస్తే ఆయన్నే చేసుకునేదాన్నిగా!" అన్నారు.

ఆవిడ ఏడవలేదు. నవ్వాపుకున్నారు. భర్త పోయి పదో రోజు కూడా గడవని ఇల్లాలిని నవ్వించినందుకు నాకు ముందు సంతోషం వేసింది, తర్వాత సిగ్గేసింది. ఏం చెయ్యను? ఉద్యోగమంతా బస్సులో గడిచింది. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నా "లోపల ఖాళీ, రండి రండి" అని పిలిచిన నోరు ఇది. ఉన్నదున్నట్టు చెప్పమంటే దానికి చేతకాదు. కాగితం మీద కాస్త అదుపులో ఉంటుందని ఇది రాస్తున్నాను. మధ్యమధ్య జారితే నేనే లేచి చెబుతాను.

ఆయన పేరు రాయను. మా పేటలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. తర్వాత వేరే పాస్టరు గార్లు వచ్చారు, వాళ్ళనీ అయ్యగారనే అంటాం. అయినా ఊరికే "అయ్యగారు" అంటే మా వాళ్ళకి గుర్తొచ్చేది ఆయనే.

ఆరడుగులు కాదు. పొట్టి. ప్రసంగ వేదిక వెనక నిలబడితే కళ్ళజోడూ నుదురూ కనిపించేవి, మిగతాది మనం ఊహించుకోవాలి. గొంతు ఇంకా చిన్నది. ఫ్యాను వేస్తే వాక్యం వినపడదు, ఆపితే ఉక్క. వేసవిలో మా సంఘం ప్రతి ఆదివారం ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది. ఎక్కువసార్లు ఫ్యానే గెలిచింది.

పాట ఎత్తుకోవడం ఆయనకి అసలు రాదు. మొదటి చరణమే ఎక్కడో తాటిచెట్టు మొవ్వు దగ్గర మొదలుపెట్టేవారు. రెండో పాదానికి ఆయనకే ఊపిరి అందేది కాదు. ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "తప్పు శ్రుతిలో ఎత్తుకున్నానండీ. ఎవరన్నా అందుకోండి" అనేవారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో ఒకరు అందుకునేవారు. అప్పుడాయన తల ఊపుతూ వెనకాల పాడేవారు, వాళ్ళు తనకి నేర్పుతున్నట్టు. మా పేటలో ఈ రోజు పాటలు ఎత్తుకోగలిగిన ఆడవాళ్ళు ఇంతమంది ఎందుకున్నారంటే, మాకొచ్చిన పాస్టరుకి పాడటం రాదు కాబట్టి.

ఇంకో అలవాటు. ఆదివారం జనమంతా లోపలికి వెళ్ళి కూర్చున్నాక, వేదిక ఎక్కేముందు ఒక్కసారి గుమ్మం బయటికి వచ్చేవారు. అక్కడ చెప్పులు ఎలా విడిచినవి అలా పడి ఉంటాయి కదా. ముసలివాళ్ళ చెప్పులు ఏవో ఆయనకి తెలుసు. వాటిని ఏరి, జతచేసి, బయటికి వెళ్ళేటప్పుడు కాలు పెట్టడానికి వీలుగా తిప్పి, గోడవారన పెట్టేవారు. తర్వాత పంపు దగ్గర చేతులు కడుక్కుని వెళ్ళి దేవుడి మాట చెప్పేవారు. ఆ మాట సరిగ్గా వినపడేది కాదని చెప్పాను కదా. చెప్పులు మాత్రం అందరికీ కనపడేవి.

ఆయనకో మోపెడ్ ఉండేది. ఎవరికి అవసరమైతే వాళ్ళకి తాళం ఇచ్చేసి ఆయన నడిచేవారు. పొలాలకు మందు డబ్బాలూ, బాలింతలకు పాలూ, ఒకసారి ఒక మేకా దాని మీద ప్రయాణం చేశాయి. మేక సంగతి నేను కల్పించానని అమ్మగారు అంటారు. మేక నిజం. దానికి హెల్మెట్ పెట్టారన్నది నేను కల్పించాను.

ఇలాంటి మనిషి సంఘాన్ని నడిపించడమేంటని బాధపడినవాడు మా బావ.

మా బావ, అంటే మా ఆవిడకి అన్న, సంఘానికి పెద్ద. సొంతం కొంతా కౌలు కొంతా కలిపి మిర్చీ పత్తీ వేస్తాడు. గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే నల్లరేగడి చేలో ఎంతదూరాన ఉన్న కూలీలైనా వంచిన నడుము ఎత్తకూడదు. నడిపించడమంటే బావ లెక్కలో అది.

"ఏరా బావా, ఆయన్ని చూస్తే పాస్టరులా ఉన్నాడంటావా?" అనేవాడు నాతో. "పక్కూరాయన్ని చూడు. కారు దిగితే కోటు మీద ముడత ఉండదు. మనాయన మోపెడ్ మీద కొత్తిమీర కట్ట పెట్టుకుని వస్తాడు."

"ఆ కట్ట మీ ఇంటికేగా. మీ ఆవిడ తెమ్మంటేనేగా తెచ్చాడు."

"అదే నేననేది! మా ఆవిడ తెమ్మంటే తెచ్చేయడమేంటి? పాస్టరంటే మనం భయపడాలిరా. ఈయన్ని చూస్తే మా గేదె కూడా భయపడదు."

సంగతి మాటలతో ఆగలేదు. ఈయన్ని ఇక్కణ్ణించి మార్చి గంభీరమైన మనిషిని పంపమని పైవాళ్ళని అడగాలన్నాడు. ఆ ఏడు ఈస్టరు ముందొచ్చే శ్రమల వారంలో, గురువారం ఆరాధన అవగానే పెద్దలందరం కూర్చుని ఆ ముక్క తేల్చేయాలని నిర్ణయించాడు. పెద్దల్లో బావకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. సంతకాలు పెడితే వేసవి దాటేలోగా అయ్యగారు సామాను సర్దుకోవాలి. వాళ్ళమ్మాయి అప్పుడే అద్దంకిలో ఇంటర్ చేరింది. ఏ మూలకి వేస్తారో తెలియదు. అమ్మగారు ఆ వారమంతా అన్నం సరిగా తినలేదని తర్వాత తెలిసింది.

అయ్యగారికి ఈ మీటింగు సంగతి తెలుసు. మందిరంలో ఆ మీటింగుకి బల్లలు వేసింది ఆయనే.

ఆ గురువారం గురించి చెప్పాలంటే ముందు మా ఆచారం చెప్పాలి. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చదివి, అయ్యగారు సంఘ పెద్దల కాళ్ళు కడుగుతారు. పన్నెండు మందిమి వరసగా కూర్చుంటాం. ఇది చాలాచోట్ల ఉన్నదే. మా పేటలో దీనికో తోక ఉంది. కడిగించుకునే కాళ్ళని ముందే ఇంటి దగ్గర శుభ్రంగా కడుక్కుని రావాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు. అయ్యగారి ముందు, ఆడవాళ్ళంతా చూస్తుండగా, మట్టి కాలు చాపితే పరువేం కావాలి? అందుకని ఆ రోజు పెద్దలెవరూ పనికి పోరు. పెరట్లో రాయి మీద కూర్చుని ఇటుకముక్కతో మడమలు రుద్దుకుంటారు. పగుళ్ళలోని ఏడాది మట్టి రావాలంటే తోలు లేచిపోవాల్సిందే. మా బావ మడమలు ఆ సాయంత్రానికి పసిపిల్లాడి బుగ్గల్లా ఉండేవి. అయ్యగారు ప్రతి ఏడూ ఆ తెల్లటి కాళ్ళ మీద నీళ్ళు పోసి, తువ్వాలుతో ఒత్తి, పక్క మనిషి దగ్గరికి జరిగేవారు.

ఆ ఏడు మేమంతా ఇటుకముక్కలతో కూర్చున్న వేళకి పడమటి దిక్కున మబ్బు లేచింది.

మిర్చి కళ్ళాల మీద ఉన్న రోజుల్లో మబ్బు లేస్తే మా వైపు పెళ్ళి పీటల మీద ఉన్నవాళ్ళు కూడా లేచి పరిగెత్తుతారు. కాదులెండి, పీటల మీది వాళ్ళు కూర్చునే ఉంటారు, తక్కినవాళ్ళు పరిగెత్తుతారు. ఎండిన కాయ మీద చినుకు పడితే మచ్చ పడుతుంది. మచ్చకాయని గుంటూరు యార్డులో మొహం చిట్లించి పక్కకి నెడతారు. మా బావ లేవలేదు. కొడుకులూ కూలీలూ కాయ మీద కప్పే పట్టాలు పట్టుకుని వెళ్ళారు. ఆయన రెండో మడమ మొదలుపెట్టాడు.

ఆరాధనకి గంట కొట్టే వేళయింది. అయ్యగారు లేరు. మేం పన్నెండు మందిమి మెరిసే కాళ్ళతో ముందు వరసలో కూర్చున్నాం.

"చూశారా? ఇవాళ కూడా టైముకి రాలేడు," అన్నాడు బావ, అందరికీ వినపడేలాగే. "ఇంకా మీటింగు దేనికి?"

అమ్మగారు తల వంచుకున్నారు.

కాసేపటికి అయ్యగారు వచ్చారు. తల తడి. చొక్కా మార్చుకున్నారు గానీ గుండీలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకున్నారు. దగ్గరికి వస్తే సబ్బు వాసన. ఆలస్యానికి క్షమించమని, వాక్యం చదివి, నడుముకి తువ్వాలు కట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. మొదటి కాళ్ళు బావవి. నీళ్ళు పోసి, రెండు అరచేతులతో మడమ చుట్టూ రుద్దారు. తర్వాత నేను. తర్వాత నా పక్కాయన. మా నోట్లో పాట, ఆడవాళ్ళు ఎత్తుకున్నదే, మెల్లగా సాగుతోంది.

ఆయన సగం వరస దాటేసరికి బావ కాలు కదిలింది. ముందు బొటనవేలు. తర్వాత పాదం మొత్తం. తర్వాత మోకాలు.

కూడికలో నేను బావ ఎగిరి బల్ల ఎక్కాడని చెప్పాను. ఎక్కలేదు. రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి అలాగే పట్టుకున్నాడు, కింద పాము ఉన్నట్టు. నేను పాట ఆపకుండా ఏడ్చానని కూడా చెప్పాను. పాట ఎప్పుడో ఆపేశాను.

"అబ్బా! ఏం కలిపారయ్యా ఇందులో?"

అయ్యగారు బిత్తరపోయారు. "నీళ్ళేనండీ."

"నీళ్ళు మండుతాయా?"

ఇంతలో నాకూ అంటుకుంది. ఇటుకతో గీరిన లేత తోలు మీద నిప్పులు పరిచినట్టు. పక్కాయన మడమలెత్తి గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. వెనకనుంచి ఎవరో మగమనిషి "సాతాను పనిరా ఇది!" అన్నాడు.

"సాతాను కాదు, మీ మొహం కాదు. మిరపకాయ!" అంది ఆడవాళ్ళలోంచి ఒకావిడ. "వాసన తెలియట్లా? ముక్కులున్నాయా, అవి కూడా రుద్దుకున్నారా?"

రోజంతా కాయ కోసి, మంట తెలిసిన చేతులవాళ్ళు ఆ ఆడవాళ్ళు. ఒక్కసారి పగలబడి నవ్వారు. శ్రమల వారంలో మందిరంలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఇందులో పెంచింది ఏమీ లేదు.

అయ్యగారు తన చేతుల వైపు చూసుకున్నారు. "అయ్యో. అయ్యయ్యో. సబ్బుతో కడిగానండీ. పోయిందనుకున్నాను" అంటూ లేచి బయటికి పరిగెత్తారు. అమ్మగారు వెనకాలే. ఇంట్లోంచి పెరుగు గిన్నె తెచ్చారు. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి మజ్జిగా, పెరుగూ, ఎవరో దోసెల పిండి కూడా తెచ్చారు. అయ్యగారు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని బావ కాలు ఒళ్ళోకి తీసుకున్నారు. ఈసారి తువ్వాలు లేదు, పాట లేదు. పంచె నిండా పెరుగు. మడమకి పూస్తూ, ఊదుతూ, "క్షమించండి, ఇంకాస్త, తగ్గిపోతుంది" అంటున్నారు.

బావ తిడుతూనే ఉన్నాడు. "ఏ కళ్ళంలో దొర్లి వచ్చారయ్యా? దేవుడి కాడికి వచ్చే రోజున..." అని సగంలో ఆగాడు.

తన పాదం పట్టుకున్న చేతుల్ని చూశాడు. నేనూ చూశాను. వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. గోళ్ళ చుట్టూ తోలు పొంగింది. మా కాళ్ళకి ఆ చేతుల మీద మిగిలిన పాటి మంట తగిలింది, అంతే. అసలు మంట అక్కడ ఉంది. ఆ చేతులతోనే ఆయన పుస్తకం పట్టుకున్నారు, చెంబు ఎత్తారు, ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

"ముందు మీ చేతులకి పూసుకోండి," అన్నాడు బావ.

"పర్లేదండీ, మీది అవనివ్వండి."

"ఎవరిది కాయ?"

"మార్తమ్మగారిదండీ."

మార్తమ్మ ఒంటరి ముసలావిడ. అరెకరం కౌలుకి మిర్చి వేసింది. ఆ రోజు జ్వరంతో అద్దంకిలో సెలైను ఎక్కించుకుంటోంది. ఆమె కాయ కళ్ళాల చివర, నీరు చేరే పల్లంలో ఎండబోసి ఉంది. కాయ తొయ్యడానికి పార లేదు, కప్పడానికి మనిషి లేడు. అయ్యగారు ఒక్కరే దోసిళ్ళతో, చేతులతో, ఉన్నదంతా కుప్ప చేసి, ఇంట్లోని దుప్పట్లు కప్పి, అంచున రాళ్ళు పెట్టి వచ్చారు.

బావ దారి లెక్కేసుకున్నాడు. "ఆమె కళ్ళానికి పోవాలంటే నా కళ్ళం దాటే పోవాలిగా."

"దాటే వెళ్ళానండీ."

"చూసి కూడా ఆగలేదు?"

"మీ వాళ్ళు పట్టాలతో ఉన్నారండీ. అక్కడ ఎవరూ లేరు."

ఇక్కడ నేను కూడికలో ఏం చెప్పానంటే, ఆ మాటకి మా బావ భోరుమని ఏడ్చి, అయ్యగారి మెడ కౌగిలించుకుని, సంఘమంతా ఎదుట పశ్చాత్తాపపడ్డాడని. జనం కళ్ళు తుడుచుకున్నారు కూడా. అలాంటిదేం జరగలేదు. మా బావ ఏడవడు. పెరుగు గిన్నె లాక్కుని, "ఇటివ్వండి" అని, అయ్యగారి చెయ్యి ఆ గిన్నెలోకి ముంచి, మణికట్టు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆయన తీసుకోబోతే వదల్లేదు.

మబ్బు సముద్రం వైపు వెళ్ళిపోయింది. నాలుగు చినుకులు పడ్డాయేమో, అవీ రోడ్డు మీద.

ఆరాధన ఎలాగో ముగిసింది. బల్లలు వేసి ఉన్నాయి. పెద్దలందరం కాళ్ళకి పెరుగు ఎండిపోయి తెల్లగా కూర్చున్నాం. నా పక్కాయన, "మరి మీటింగు..." అని గొణిగాడు.

"కాళ్ళు మండి చస్తుంటే మీటింగేంట్రా?" అన్నాడు బావ. "ఈస్టరు అయ్యాక చూద్దాం."

ఈస్టరు అయ్యాక కాయ యార్డుకి తోలాలన్నాడు. తోలాక దుక్కులన్నాడు. దుక్కులయ్యాక పత్తి విత్తనాలన్నాడు. ఆ మీటింగు ఈ రోజు దాకా జరగలేదు. అమ్మగారు సామాను సర్దలేదు. వాళ్ళమ్మాయి ఇంటరూ డిగ్రీ కూడా అద్దంకిలోనే చదివింది. అయ్యగారు రిటైరయ్యేదాకా మా దగ్గరే ఉన్నారు.

మనిషి మారిపోయాడనుకోకండి. ఆ తర్వాత కూడా మా బావ "ఈయన గొంతేంట్రా, దోమ గొంతు" అంటూనే ఉన్నాడు. కాకపోతే మందిరానికి కొత్త మైకు వచ్చింది. ఎవరు తెచ్చారని అడిగితే కసురుకున్నాడు.

మరుసటి ఏడు గురువారం వచ్చింది. మేం పదకొండు మందిమి ఎప్పటిలాగే రుద్దుకుని వచ్చి కూర్చున్నాం. ఈసారి కాస్త మెల్లగా రుద్దుకున్నాం. బావ కుర్చీ ఖాళీ. వాక్యం చదవడం అయ్యాక వచ్చాడు, కళ్ళంలోంచి నేరుగా. పంచె ఎగ్గట్టి ఉంది. కాళ్ళ నిండా మట్టి, వేళ్ళ సందుల్లో మిరప గింజలు. ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"ఏంది బావా, రుద్దుకోకుండా వచ్చావు?" అన్నాను చెవిలో.

"కడిగేది ఆయనా, నేనా?" అన్నాడు, అంత మెల్లగానూ కాదు.

అయ్యగారు ఆ కాళ్ళ ముందు కూర్చున్నారు. మొదటి చెంబుతో ఏమీ కాలేదు. రెండో చెంబుతో నీళ్ళు నల్లబడ్డాయి. పళ్ళెం పారబోయించి మళ్ళీ తెప్పించారు. ఒక్కో వేలూ, ఒక్కో పగులూ బొటనవేలితో తీరిగ్గా కడిగారు. మా మిగతా పదకొండు మంది కాళ్ళూ కలిపి పట్టేంత సేపు ఆ రెండు కాళ్ళకే పట్టింది. బావ పైన రేకుల్లో ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

తుడవడం అయ్యాక అయ్యగారు నా వైపు జరగబోయారు. బావ లేచాడు. లేచి, ఆయన చంకల కింద చెయ్యి వేసి లేపి, తన కుర్చీలో కూలేశాడు. చెంబు తీసుకుని కింద కూర్చున్నాడు.

"వద్దండీ, మీరు పెద్దవారు," అయ్యగారు కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "మీరు నా కాళ్ళు కడగడమేంటండీ? వద్దు."

కాళ్ళు కడగబోయిన ప్రభువుతో శిష్యుడు పేతురు అన్న మాటే. అంతకు ముందే ఆయన నోటితోనే మాకు చదివి వినిపించారు. బావ ఆలస్యంగా వచ్చాడు కదా, వినలేదు.

"నోరు మూసుకుని కాలు చాపండయ్యా," అన్నాడు.

మా సంఘంలో పాస్టరు కాళ్ళు ఎవరూ కడగలేదు అప్పటిదాకా. ఎవరికీ తోచలేదు. మా బావకి కడగడం కూడా రాదు. ఎద్దుని కడిగినట్టు కడిగాడు. సగం నీళ్ళు అయ్యగారి పంచె మీద పోశాడు. మడమలు రెండు చేతులతో గట్టిగా రుద్దాడు. అయ్యగారివి రుద్దుకోని మడమలు, నిండా పగుళ్ళు. కడుగుతూ కడుగుతూ మధ్యలో ఆగాడు. తన చేతుల్ని చూసుకున్నాడు. పొద్దుటి నుంచీ కాయలో ఉన్న చేతులు. కడుక్కోలేదు.

అయ్యగారి కాలివేళ్ళు మెల్లగా ముడుచుకోవడం నేను చూశాను.

"మండుతోందా అయ్యగారూ?" అన్నాడు బావ.

"లేదండీ," అన్నారాయన. "చల్లగా ఉంది. కానివ్వండి."

ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.